ఉల్లిపాయల కొట్టు మీద ఆవిడ

మొన్న తాడేపల్లిగూడెం వెళ్లినప్పుడు మా పెరట్లో పండిన అరటిగెల నుంచి ఒక అత్తం కోసి సంచిలో వేసుకున్నాను. పని ముగించుకుని ఉల్లిపాయల మార్కెట్ వీధిలోకి నడిచాను. లారీల్లోంచి బస్తాలు దించుతున్నారు. కింద కొట్టు ఎప్పటిలాగే ఉంది. మేడమెట్ల పక్కన ఉండే నల్ల బోర్డు మాత్రం లేదు. అది ఉన్నంత మేర గోడ కొంచెం తెల్లగా కనిపిస్తోంది.

కొట్టాయన నన్ను గుర్తుపట్టి కాటా దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"ప్లీడరమ్మగారి కోసమాండీ? పోయారండి, మాఘమాసంలో. మధ్యాహ్నం భోంచేసి కాసేపు పడుకుంటానన్నారంట."

అంతకు మించి ఆయనకూ తెలియదు. అరటిపళ్లు ఆయన చేతికే ఇచ్చి బస్సెక్కాను. గణపవరం వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. చూసిందేదీ గుర్తులేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే అదే పేరున్న ఇంకెవరికో ఈ కథంతా వెళ్లి అతుక్కోవచ్చు. పేరు ఒక్కటీ చూసి మనిషి దొరికినట్టేనని అనుకుంటే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. ఆవిడ దగ్గరికి మమ్మల్ని తీసుకెళ్లిందీ అదే.

మొదటిసారి ఆ మెట్లెక్కినప్పుడు మా అమ్మాయి కళ్లు తుడుచుకుంటూనే ఉంది. గది చిన్నది. బల్ల కింద తిరగేసిన ఉల్లిపాయల బుట్ట మీద రెండు కాళ్లూ పెట్టుకుని, చెప్పులు విప్పేసి, నెరిసిన జుట్టావిడ కూర్చుని ఉన్నారు. పాదాలు వాచి ఉన్నాయి. కుర్చీకి తగిలించిన నల్లకోటుకి ఒక గుండీ తెల్లదారంతో కుట్టి ఉంది. మా అమ్మాయి ముఖం చూసి, ఏమైందని అడగలేదు.

"కిందనించి వస్తుందండీ ఘాటు. కొత్తగా వచ్చినవాళ్లందరికీ అంతే. కూర్చోండి, తగ్గాక మాట్లాడుకుందాం" అన్నారు.

ఆ మాటతో పిల్ల సిగ్గుపడకుండా కాసేపు ఏడ్చుకుంది. తిరిగి దిగేటప్పుడు చూశాను, ఆ రోజు కొట్టు మూసి ఉంది. వీధిలో ఒక్క బస్తా కూడా లేదు.

మా అమ్మాయి నర్సింగు చదివింది. విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరవలసిన రోజు కూడా చెప్పారు. కొల్లేటికోట వెళ్లి అమ్మవారికి చీర పెట్టుకుని వచ్చాం. అక్కడ పెట్టుకున్న కుంకుమ తడి ఆరకముందే ఫోనులో ఒక కబురు వచ్చింది. కొత్తగా చేరేవాళ్ల పూర్వాపరాలు విచారించే పని ఆస్పత్రివాళ్లు వేరే కంపెనీకి అప్పగిస్తారట. ఆ కంపెనీ మా అమ్మాయి మీద క్రిమినల్ కేసు నడుస్తోందని రిపోర్టు ఇచ్చిందట. అందుచేత తీసుకోలేమని, భవిష్యత్తులో అంతా మేలు జరగాలని కోరుతున్నామని రాశారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఒక రికార్డు గొంతు తరువాత ఇంకొక రికార్డు గొంతు పలికేది. మనిషి దొరికేవాడు కాదు.

మా అమ్మాయి పేరు పెద్దింట్లమ్మ. కడుపు నిలవక నేను చాలా అవస్థ పడ్డాక, ఆ కొల్లేటికోట పెద్దింట్లమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిన పిల్ల. ఆ పేరు పెట్టడంలో నా గొప్పేమీ లేదు. మా ఆయనది కొల్లేటి లంక ఊరు. అక్కడ ఇంటికో పెద్దింట్లమ్మ ఉంటుంది. మేం కౌలు సేద్యానికి గణపవరం పక్కకి వచ్చి చాలాకాలమైనా ఆధార్ కార్డులో ఊరు ఇంకా అదే. ఆ ఊళ్లో వట్టి పేరుతో ఎవరినీ పిలవరు. రేవు దగ్గర పెద్దింట్లమ్మ, పొడుగు పెద్దింట్లమ్మ, ఎండుచేపల పెద్దింట్లమ్మ, ఇలా ఒక ఆనవాలు చేర్చి పిలుస్తారు. ఆనవాలు లేకుండా కేకేస్తే వీధి మొత్తం పలుకుతుంది.

పోలీసు కాగితంలో ఆనవాలు రాయరు. ఒకప్పుడు ఆ ఊళ్లో చేపల చెరువుల గట్లు కొట్టడానికి యంత్రాలు వస్తే ఆడవాళ్లు అడ్డంగా కూర్చున్నారు. ప్రభుత్వోద్యోగుల పనికి ఆటంకం కలిగించారని కేసు పెట్టారు. ఆ కేసులో ఒక పెద్దింట్లమ్మ ఉంది. ఇంటిపేరు మాదే. తండ్రి లేక భర్త అని ఒకటే గడి ఉంటే అందులో సత్యనారాయణ అని రాశారు. మా ఆయన పేరూ సత్యనారాయణే. ఆ సత్యనారాయణ ఆవిడకి భర్త, ఈ సత్యనారాయణ మా అమ్మాయికి తండ్రి. అప్పటికి మా అమ్మాయి బళ్లో చదువుకుంటోంది. ఇవేవీ అప్పుడు మాకు తెలియవు. రిపోర్టులో ఏం రాశారో కూడా మాకు చూపించలేదు.

ప్లీడరమ్మగారు మొదట పట్టుకున్నది కేసు ఉందన్న మాటే.

"కేసు ఉందని ఎవరు చెప్పారండీ?" అన్నారు.

కంపెనీ చెప్పిందన్నాం. కంపెనీకి ఎవరు చెప్పారన్నారు. కంప్యూటరు అన్నాం. ఆవిడ కళ్లద్దాలు తీసి ముక్కు మొదలు రెండు వేళ్లతో పట్టుకుని, నిద్రపోయారేమో అనుకునేంతసేపు ఊరుకున్నారు. అది ఆవిడ అలవాటు. ఆ తరువాత వచ్చే మాట కోసం ఎదురుచూడటం మాకు అలవాటైంది.

"ముందు ఆ రిపోర్టు అడుగుదాం. మన గురించి రాసింది మనకి చూపించమని అడగాలి. ఫోనులో కాదు, రాతపూర్వకంగా."

ఆవిడ చెప్పే పద్ధతి అలాంటిది. పెద్ద మాటలు ఉండేవి కావు. సెక్షన్ల నెంబర్లు చెప్పి బెదరగొట్టేవారు కాదు. కేసు ఉండటం వేరు, నేరం రుజువు కావడం వేరు అనేవారు. కోర్టు నుంచి ధ్రువీకరించిన నకలు తెచ్చుకోవచ్చు, పోలీసులనడిగి నీ మీద ఏమీ లేదన్న సర్టిఫికెట్టు తీసుకోవచ్చు, తప్పు రాసినవాళ్లని దిద్దమని నోటీసు ఇవ్వొచ్చు, దిద్దకపోతే కోర్టుకి వెళ్లొచ్చు అని వరసగా చెప్పారు. మన వివరాలు దగ్గర పెట్టుకున్నవాళ్లు తప్పులుంటే దిద్దాలని కొత్త చట్టం వచ్చిందనీ, అదింకా పూర్తిగా నడక నేర్చుకోలేదనీ అన్నారు. ఆఖరున చెప్పింది మాత్రం మాకు రుచించలేదు.

"తప్పు దిద్దమని నిలదీసే హక్కు మనకుందండీ. ఆ ఉద్యోగమే ఇచ్చితీరాలని ప్రైవేటువాళ్లని పట్టుబట్టే దారి మాత్రం నాకు కనబడటం లేదు. ముందే చెబుతున్నాను, తరువాత నన్ను అనుకోకూడదు."

నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉంటే మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి పురాణాలు చదివిస్తూ చదువు చెప్పారు. ఆ సంగతి తెలిశాక ఆవిడ ప్రతి తెలుగు కాగితమూ నాచేతే పైకి చదివించుకునేవారు. తన కళ్లు అలిసిపోయాయనేవారు. ఒకసారి నవ్వి, "ఏ సర్టిఫికెట్టూ లేని మనిషి మీరు. మీ మీద రిపోర్టు రాయాలంటే ఆ కంపెనీవాళ్లు అమ్మవారినే అడగాలి" అన్నారు. ఎవరినైనా అండీ అనేవారు. మా అమ్మాయిని కూడా మీరు అనే పిలిచేవారు. ఆ మాట వినపడినప్పుడల్లా పిల్ల కొంచెం నిటారుగా కూర్చునేది.

ఎండాకాలమంతా తిరిగాం. రిపోర్టు ఇవ్వడానికి కంపెనీకి చాలా రోజులు పట్టింది. వచ్చాక చూస్తే కేసు నెంబరు, పేరు, ఊరు ఉన్నాయి, ముద్దాయి వయసు లేదు. ఆవిడ ఆ నెంబరు పట్టుకుని పాసింజరు రైల్లో ఏలూరు కోర్టుకి వెళ్లి పాత కాగితాల నకళ్లకి అర్జీ పెట్టారు. ఒకరోజు సెలవన్నారు, ఒకరోజు మనిషి లేడన్నారు, ఒకరోజు కరెంటు లేదన్నారు. నేను వెంట వెళ్లిన రోజు ఆవిడ వరండాలో బెంచీ మీద కూర్చుని, చల్లారిపోయిన టీ గ్లాసు చేత్తో పట్టుకుని, "కోర్టుకి లేని తొందర మనకెందుకండీ" అన్నారు. కాళ్లు మాత్రం నేల మీద ఆనించలేకపోతున్నారు. నేను సంచి మడిచి వాటి కింద పెడితే, వద్దనలేదు.

ఆ రోజుల్లోనే మా ఆయన ఒక మాటన్నారు. గెజిట్లో వేయించి పేరు మార్పించేస్తే ఈ పీడ వదిలిపోతుందట, ఎవరో చెప్పారట. మా అమ్మాయి వెంటనే ఒప్పుకుంది. ఆ పేరుతో ఇంక ఏ ఆఫీసుకీ వెళ్లలేనంది. కాలేజీలో కూడా ఆ పేరుకి నవ్వేవారు, అప్పుడు ఓర్చుకున్నాను, ఇప్పుడు నావల్ల కాదమ్మా అంది. మొక్కు నాది, బరువు దానిది. రోజూ దీపం దగ్గర కూర్చుంటున్నాను గానీ ఏమడగాలో తెలిసేది కాదు.

ప్లీడరమ్మగారికి చెబితే తిట్టనూ లేదు, మెచ్చుకోనూ లేదు.

"మీకు ఇష్టమై మార్చుకుంటే కాగితాలు నేనే రాసిపెడతానండీ. భయపడి మాత్రం ఇప్పుడొద్దు. పేరెందుకు మార్చుకున్నావని రేపు ఇంకొక కంపెనీ అడుగుతుంది. అప్పుడు ఈ కథంతా మళ్లీ చెప్పాలి. ముందు వాళ్ల తప్పు దిద్దించుకుని, ఆ తరువాత మీ ఇష్టం."

నకళ్లు వచ్చాయి. అందులో ముద్దాయి నడివయసు మనిషి అని ఉంది. నాకు ఎంతో ధైర్యం వచ్చింది. నోటీసులో ఏం రాయాలో నేనే చెప్పడం మొదలుపెట్టాను. ఆ నేరస్తురాలు వేరు, మా అమ్మాయి వేరు అని రాయండన్నాను. ఆవిడ కలం ఆగిపోయింది.

"ఎవరు చెప్పారండీ?"

"ఏదండీ?"

"ఆవిడ నేరస్తురాలని."

ఆవిడ రెండో నకలు నా ముందుకు జరిపారు. ప్రభుత్వమే ఆ కేసు వెనక్కి తీసుకుందనీ, కోర్టు ఒప్పుకుని అందరినీ విడిచిపెట్టిందనీ అందులో ఉందట. ఎన్నో ఏళ్ల కిందటి మాట. కంపెనీ కంప్యూటరు ఇంకా దాన్ని నడిపిస్తూనే ఉంది.

"మీ అమ్మాయి మీద పడ్డ మట్టి ఎత్తి ఆవిడ మీద పోస్తే నా పని తేలికేనండీ. ఉత్తరం చిన్నదవుతుంది. కానీ ఆవిడ మాత్రం ఎవరు? ఒకసారి వెళ్లి చూసొద్దాం. మన నోటీసులో ఆవిడ ఊసు ఎత్తుతున్నాం కదా, ఆవిడతో ఒక మాట చెప్పాలి."

ఆ వాచిన కాళ్లతో అంతదూరం వద్దని బతిమాలాను. వినలేదు.

ఆటోలో గట్ల మీదుగా వెళ్లాం. రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో గుర్రపుడెక్క, ఎక్కడో ఒక కొంగ. ఎండకి నీళ్లు మెరిసి కళ్లు నొప్పెట్టాయి. ఊళ్లో పేరు చెబితే ఎవరూ దారి చూపించలేదు. ఏ పెద్దింట్లమ్మ అని ఎదురు అడిగారు. ముగ్గురు నలుగురి ఇళ్లు తిరిగాక, పోయిన సత్యనారాయణ పెళ్లాం, ఎండుచేపల పెద్దింట్లమ్మ అని తేలింది.

ఆవిడ గట్టు మీద వల పరిచి చేపలు ఎండబెడుతోంది. నల్లకోటు చూడగానే చేతిలో చేపలు వదిలేసి లేచి నిలబడింది. ఆ ముఖంలో రంగు మారడం నేను చూశాను.

"మళ్లీ కోర్టుకి రమ్మన్నారాండీ? ఊరు చూసుకుంటుందన్నారు కదండీ" అంది.

ప్లీడరమ్మగారు కోటు విప్పేసి ఆటోలో పెట్టించారు. తరువాత గట్టు మీదే కూర్చుని కాళ్లు చాపుకున్నారు. కొంచెం మంచినీళ్లు ఇప్పించమన్నారు. ఆవిడ నీళ్లు తెచ్చేసరికి భయం సగం తగ్గింది. మెల్లిగా చెప్పుకొచ్చింది. అసలు ఆ రోజు ఆవిడ గట్టు మీదే లేదట. కైకలూరులో చేపలమ్ముతోందట. కేసు పెట్టినప్పుడు ఇంటికో పేరు ఇవ్వాలని పెద్దలు కూర్చుని తీర్మానించారట. భర్త మంచం మీద ఉంటే, ఆ ఇంటి తరఫున ఈవిడ పేరు ఇచ్చారట.

"ఊరుమ్మడి చెరువులో మా ఇంటికీ వాటా ఉంది కదండీ. కేసులో మాత్రం వద్దంటే ఎలాగ?" అంది. అందులో ఆవిడకి వింతేమీ కనిపించలేదు.

మొదట్లో వాయిదాలకి అందరినీ వ్యానులో తీసుకెళ్లారట. తరువాత రానక్కర్లేదన్నారట. చూసుకుంటున్న పెద్దాయన కాలం చేశాడు. ఆపైన ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈవిడా అడగలేదు.

ప్లీడరమ్మగారు నకలు మా అమ్మాయి చేతికిచ్చారు.

"మీరు చదవండమ్మా. ఆవిడకి తెలుగులో చెప్పండి. మెల్లిగా."

మా అమ్మాయి ఇంగ్లీషు చూసుకుంటూ తెలుగులో చెప్పింది. పెద్దింట్లమ్మ, భర్త సత్యనారాయణ, అనేటప్పుడు ఒకసారి తలెత్తి ఆవిడ వైపు చూసింది. మళ్లీ కాగితంలోకి చూసి, ఈ కేసు ప్రభుత్వం ఉపసంహరించుకుంది, ముద్దాయిలందరినీ విడిచిపెట్టడమైనది, అని చివరిదాకా చెప్పింది. ఆవిడ తల వంచుకుని వింది. మళ్లీ ఒకసారి చెప్పమంది. మా అమ్మాయి మళ్లీ చెప్పింది. ఆవిడ వంగి వల మీద చేపల్ని ఒక్కొక్కటీ రెండోవైపుకి తిప్పడం మొదలుపెట్టింది. ఒక వరస అయ్యాక అటు తిరిగే అడిగింది.

"అయితే నేను పెదవేగి వెళ్లొచ్చాండీ?"

కూతురు పెదవేగిలో పామాయిలు తోటల్లో పనికి వెళ్లి అక్కడే ఉండిపోయిందట. పురుడు వచ్చినా, మనవరాలు పెద్దమనిషి అయినా ఈవిడ వెళ్లలేదట. చెప్పకుండా ఊరు దాటొద్దని స్టేషన్లో ఎవరో అన్న మాట అలాగే మనసులో ఉండిపోయింది. ఏలూరు బస్టాండులో దిగితే పట్టుకుంటారని అనుకుంది.

"వెళ్లొచ్చండీ. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు" అన్నారు ప్లీడరమ్మగారు.

అప్పుడు ఆవిడ మా అమ్మాయి వైపు తిరిగి, ఇంతసేపూ చదివి చెప్పావు, నీ పేరేంటమ్మా అని అడిగింది. మా అమ్మాయి ఒక్క క్షణం నావైపు చూసింది.

"పెద్దింట్లమ్మనండి."

ఆవిడ ముఖం విప్పారింది. "ఏ పెద్దింట్లమ్మవి?"

ప్లీడరమ్మగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడ అంత నవ్వగా నేను మళ్లీ చూడలేదు. కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఈ ఒక్క ముక్క ఆ కంపెనీవాళ్లు అడిగుంటే నేను ఇంట్లో పడుకునేదాన్ని కదండీ" అన్నారు.

మా అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వులోనే, "ఆస్పత్రి పెద్దింట్లమ్మనండి" అంది. ఆ తరువాత మా ఇంట్లో గెజిట్ మాట రాలేదు. నేను దాన్ని ఎప్పుడూ అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ప్లీడరమ్మగారు కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారనుకున్నాను. "ఆవిడ అప్పుడూ వెళ్లొచ్చండీ. పురిటికీ వెళ్లొచ్చు. వారంటు ఏదీ లేదు. ఎవరూ చెప్పలేదంతే" అన్నారు.

నోటీసు పెద్దదే అయింది. ఈ పెద్దింట్లమ్మ వేరు, ఆ పెద్దింట్లమ్మ వేరు, ఇద్దరి మీదా ఏ కేసూ లేదు, రెండు తప్పులూ దిద్దండి అని రాశారు. జవాబు రావడానికి ఇంకొక నోటీసు, దాని తరువాత ఇంకొకటి పట్టాయి. చివరికి కంపెనీ రిపోర్టు దిద్ది, అసౌకర్యానికి చింతిస్తున్నామని రాసింది. ఆస్పత్రివాళ్లు ఆ చోటు నిండిపోయిందన్నారు. ఆవిడ ముందే చెప్పారు కాబట్టి ఆవిడని అనుకోలేదు గానీ, ఆ రాత్రి మాలో ఎవరికీ అన్నం సయించలేదు. వానల్లో ఏలూరులోనే ఒక ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. వాళ్లూ విచారణ చేయించారు. ఏమీ రాలేదు. ఏమీ రాకపోవడం కోసం అంత తిరిగామన్నమాట.

పళ్లు పట్టుకుని వెళ్లి, మీ దయవల్ల నెగ్గామండీ అన్నాను.

"నెగ్గామనకండీ. ఓ తప్పు పోయింది. అంతే" అన్నారు. అని, ఆ కాళ్లు బుట్ట మీద సర్దుకుంటూ, "ఎండుచేపలావిడ పెదవేగి వెళ్లిందండీ. మనవరాలి చేత ఫోన్ చేయించింది" అన్నారు. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఆ ముఖంలో అలసట కాసేపు కనబడలేదు.

రోజూ దీపం దగ్గర మీ పేరు చెప్పుకుంటున్నానని అన్నాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, అలవాటుగా ముక్కు మొదలు పట్టుకున్నారు.

"ఉత్త పేరు చెప్పకండీ. అమ్మవారికి ఆ పేరువాళ్లు ఎంతమందని. ఉల్లిపాయల కొట్టు మీద ఆవిడ అని చెప్పండి."

నవ్వుతూ అన్నదే అయినా అప్పటినుంచీ అలాగే చెప్పుకుంటూ వస్తున్నాను. మొన్న సాయంత్రం గూడెం నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని దీపం పెట్టాను. ఆస్పత్రి పెద్దింట్లమ్మ, ఎండుచేపల పెద్దింట్లమ్మ, అందరి ఊసూ అయింది. ప్లీడరమ్మగారి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఇప్పుడా కొట్టు మీద ఎవరూ లేరు కదా, ఏ ఆనవాలు చెప్పాలో తోచలేదు. దీపం కాసేపు అలా వెలుగుతూ ఉంది. చివరికి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాను.